అనుమతి లేని ఓటమి

గోదావరి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ పుట్టినప్పుడు అందులో ఆరు జట్లుండేవి, ఆరు జట్లకీ ఆరుగురు యజమానులుండేవారు. ఆ ఆరుగురిలో బాస్కెట్‌బాల్‌ని ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. దానివల్ల వచ్చే ఇబ్బందేమీ లేదని ప్రారంభోత్సవం రోజున కమిషనర్ తటవర్తి లక్ష్మీపతిరావు గారే మైకులో చెప్పారు. సినిమాలు తీసేవాళ్ళకి నటన రావాలా, కాలేజీలు పెట్టేవాళ్ళకి చదువు రావాలా అని అడిగారు. అది పొగడ్తో ఎత్తిపొడుపో యజమానులు తేల్చుకునేలోపే చప్పట్లు మోగిపోయాయి.

లక్ష్మీపతిరావు గారు ఏదో ఒక శాఖలో అదనపు సంచాలకుడిగా చేసి రిటైరయ్యారు. ఏ శాఖండీ అని అడిగితే ఆయనకి కోపం వచ్చేది. పైకి వెళ్ళాక అన్ని శాఖలూ ఒకటేనట.

నరసాపురం నేవిగేటర్స్ జట్టుకి కోచ్ ఏసుపాదం. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. బక్కపలచగా ఉంటాడు. పిల్లల్ని పొగడటం ఆయనకి చేతకాదు. ఎవడైనా అద్భుతంగా ఆడితే ఆ పూట వాణ్ణి తిట్టడు, అదే మెచ్చుకోలు. జట్టులో అందరికన్నా పొడగరి ఓలేటి పోతురాజు. సముద్రం ఒడ్డున వలలు లాగే కుటుంబంలోంచి వచ్చిన కుర్రాణ్ణి ఎనిమిదో క్లాసులో పట్టుకుని, చేతికి బంతిచ్చి, పన్నెండేళ్ళుగా తిడుతూ వస్తున్నాడు ఏసుపాదం. ఏదో ఒక పెద్ద సంస్థ జట్టులో వాడికి ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం రావాలన్నది ఆయన ఆశ. ఇంకో ఏడాది దాటితే వాడికి వయసు మించిపోతుంది. ప్రొఫెషనల్ లీగ్ వస్తోందని తెలిసినప్పుడు, ఇదిగో దారి దొరికిందనుకున్నాడు.

మొదటి మ్యాచ్ తణుకులో, తణుకు టైటన్స్‌తో. ఆ జట్టు యజమాని సత్యప్రసాద్ గారికి అయిదూళ్ళలో కాలేజీలున్నాయి. ఆటని చూడ్డానికి చుట్టాలందరినీ కాలేజీ బస్సుల్లో తెప్పించుకున్నారు, కోర్టు చుట్టూ లైట్లు ఆయనే పెట్టించారు. ఆ లైట్ల కింద పోతురాజు రెచ్చిపోయాడు. టైటన్స్ కుర్రాళ్ళు వాణ్ణి ఆపలేక ఒకళ్ళనొకళ్ళు ఆపుకున్నారు. ముప్పై పాయింట్ల పైచిలుకు తేడాతో నరసాపురం గెలిచింది. ఆ పూట ఏసుపాదం పోతురాజుని తిట్టలేదు.

మర్నాడు సత్యప్రసాద్ గారు కమిషనర్ ఆఫీసుకొచ్చి, కుర్చీలో కూర్చోకుండానే మాట్లాడారు.

"ఏవండీ, మా కాలేజీల్లో ఇరవయ్యేళ్ళుగా ఒక్కడూ ఫెయిలవ్వలేదు. ఫెయిలయ్యేలా ఉన్నవాణ్ణి అసలు పరీక్షకే పంపం. అలాంటిది, నా పేరున్న జట్టు, నా చుట్టాల ముందు, నా లైట్ల కింద ఫెయిలయ్యిందా?"

లీగ్‌లోంచి తప్పుకుంటానని కూడా అన్నారు. లక్ష్మీపతిరావు గారు ఆయనకి మజ్జిగ తెప్పించి, సమస్య తన దృష్టికి వచ్చిందనీ, దృష్టికి వచ్చిన సమస్య సగం తీరినట్టేననీ చెప్పి పంపించారు. ఆ వారంలోనే మొదటి ఉత్తర్వు వెలువడింది.

"లీగ్ పరిధిలోని క్రీడాకారులు, శిక్షకులు, వ్యాఖ్యాతలు ఎవ్వరును 'ఓటమి' అను పదమును గానీ, దాని పర్యాయపదములను గానీ, తత్సమాన భావమును వ్యక్తపరచు ముఖకవళికలను గానీ ఉపయోగించరాదు. ఇకమీదట ప్రతి పోటీయందును ఒకరు విజేత, మరొకరు సహవిజేత."

ఏసుపాదం అది చదివి నవ్వుకున్నాడు. పేరేదైతేనేం, బంతి రింగులో పడాల్సిందే కదా అనుకుని సంతకం పెట్టేశాడు. కేబుల్ టీవీలో వ్యాఖ్యానం చెప్పే కుర్రాడు మాత్రం పాపం నానా తంటాలూ పడ్డాడు. ఆ తర్వాతి మ్యాచ్‌లో, "అమలాపురం వాళ్ళు సహవిజయం వైపు శరవేగంగా దూసుకుపోతున్నారు, ఇక వాళ్ళని ఎవరూ కాపాడలేరు" అన్నాడు. ఆ రెండో ముక్క అన్నందుకు వాడికి తాఖీదు వచ్చింది.

మాట తీసేస్తే బాధ పోతుందని అందరూ అనుకున్నారు గానీ పోలేదు. తాడేపల్లిగూడెం థండర్స్ యజమాని సిమెంటు వ్యాపారి. ఆయన వచ్చి, మాట తీసేశారు సరేనండీ, స్కోరుబోర్డు మీద అంకెలు అలాగే ఉన్నాయి, మా ఆవిడకి లెక్కలొచ్చు అని మొరపెట్టుకున్నాడు. అందులో న్యాయముందని కమిషనర్ గారికి తోచింది. వెంటనే సమతా సంఘం అనేదొకటి ఏర్పడింది. ప్రతి కోర్టు దగ్గరా స్కోరుబోర్డు పక్కన ఒక సమతుల్యాధికారిని కూర్చోబెట్టారు. ఏ రెండు జట్ల మధ్యనైనా తేడా పది పాయింట్లు దాటిందంటే, దాటినంతమేరా ఆయన మీట నొక్కి కోసేస్తాడు. అలా కోసిన పాయింట్లన్నీ కేంద్ర పాయింట్ల నిధికి జమ. నిధిలోంచి వెనకబడ్డ జట్లకి సహాయ పాయింట్లు మంజూరవుతాయి. మంజూరుకి అర్జీ పెట్టుకోవాలి. అర్జీలో తమ వెనకబాటుకి కారణం తాము కాదని రాసివ్వాలి.

ఈసారి ఏసుపాదానికి నవ్వు రాలేదు. జట్టు యజమాని రామభద్రరాజు గారి దగ్గరికి వెళ్ళాడు. రాజు గారు రొయ్యల మేత వ్యాపారి. మనిషి మంచివాడు, కోపం మాత్రం తొందరగా వస్తుంది.

"మన పాయింట్లు కోసి పక్కోడికి పెడతారా? మన చెరువులో గాలి కొట్టే ఏరియేటర్లు పీక్కెళ్ళి వాడి చెరువులో తిప్పినట్టుంది. పదండి మాస్టారూ, ఇప్పుడే తేల్చేద్దాం" అని కారు తీయించారు.

కమిషనర్ గది బయట ఏసుపాదం బెంచీ మీద కూర్చున్నాడు. లోపల్నుంచి మొదట రాజు గారి కేకలు వినిపించాయి. కాసేపటికి కేకలు తగ్గాయి. ఇంకాసేపటికి చప్పట్లు వినిపించాయి. తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి రాజు గారి భుజాల మీద శాలువా ఉంది, చేతిలో పూలగుత్తి ఉంది. ఆయన్ని సమతా సంఘానికి గౌరవాధ్యక్షుణ్ణి చేశారట.

కారెక్కాక ఆయన శాలువా అంచు సర్దుకున్నారు. గొంతు సవరించుకుని, "సమతలో ఒక లోతుంది మాస్టారూ. పైపైన చూస్తే కనపడదు" అన్నారు.

ఆ లోతు అంచెలంచెలుగా పెరిగింది. పది పాయింట్ల తేడా అయిదయింది, అయిదు రెండయింది. రెండు పాయింట్ల తేడా కూడా గుచ్చుకునే స్వభావం గలదేనని ఎవరో మనస్తత్వ శాస్త్రవేత్త చెబితే, అదీ తీసేశారు. ఇక ప్రతి మ్యాచూ సమానంగానే ముగిసేది. ఇద్దరూ విజేతలే కాబట్టి 'సహ' అన్న ముక్క కూడా అనవసరమని కొట్టేశారు. నరసాపురం ఒకసారి తొంభై దాకా కొడితే, అవతలి జట్టు ముక్కి మూలిగి నలభై దాటింది. సమతుల్యాధికారి కళ్ళజోడు సర్దుకుని ఇద్దరికీ అరవై అయిదు వేసి ఇంటికెళ్ళిపోయాడు. ఆయన ఒక యజమాని గారి బావమరిది. లెక్కల్లో గట్టివాడు.

జనం మొదట్లో పోట్లాడారు, తర్వాత నవ్వారు, తర్వాత రావడం మానేశారు. గ్యాలరీలు ఖాళీగా ఉంటే టీవీలో బాగుండదని సత్యప్రసాద్ గారు తన కాలేజీ పిల్లల్ని యూనిఫారంలో తెచ్చి కూర్చోబెట్టారు. వాళ్ళు కెమిస్ట్రీ గైడ్లు తెచ్చుకుని చదువుకునేవాళ్ళు. లైట్లు బాగున్నాయి కదా.

ఆటగాళ్ళలో వచ్చిన మార్పుని ఏసుపాదం ఒక్కడే గమనించాడు, ఎందుకంటే అది చాలా నెమ్మదిగా వచ్చింది. ముందు పరుగు తగ్గింది. తర్వాత బంతి చెయ్యి జారిపోతే వెంటపడటం మానేశారు. పోతురాజు వేసిన బంతి రింగుకి తగిలి బయటపడితే, వాడి మొహంలో ఒకప్పుడు కనిపించే ఉక్రోషం ఇప్పుడు కనిపించేది కాదు. భుజాలెగరేసి వెనక్కి నడిచేవాడు. ఒకరోజు ప్రాక్టీసులో వాణ్ణి తిడదామని నోరు తెరిచి, ఏమని తిట్టాలో తోచక ఏసుపాదం ఊరుకున్నాడు. సరిగ్గా వేస్తే ఏం వస్తుంది, వేయకపోతే ఏం పోతుంది? ఇంటికెళ్ళాక భార్యతో, ఇవాళ ఎవర్నీ తిట్టలేదు అన్నాడు. ఒంట్లో బాగాలేదా అని ఆవిడ నుదురు పట్టుకుని చూసింది.

బయట మాత్రం లీగ్ పేరు మోగిపోయింది. ఓటమి లేని ఆట అని టీవీల్లో చర్చలు పెట్టారు. పక్క రాష్ట్రం నుంచి అధికారుల బృందం వచ్చి, రెండు మ్యాచ్‌లు చూసి, రెండు పూటలా పులస చేప దొరుకుతుందా అని అడిగి, పరవశించి వెళ్ళింది. ఓ సహకార సంఘం పెద్దలు వచ్చి, ఈ పద్ధతి తమ ఎన్నికల్లో పెట్టుకోవచ్చా అని కమిషనర్ గారిని ఏకాంతంగా సంప్రదించారు. అలా పొగడ్తలు వచ్చిపడుతుంటే ఇంకా మిగిలిపోయిన అసమానతలు కమిషనర్ గారిని నిద్రపోనివ్వలేదు. జట్లు సమానమయ్యాయి సరే, ఆటగాళ్ళ సంగతేమిటి? ఒకడికి సగటున ఇరవై పాయింట్లు, ఇంకొకడికి రెండా? ఆ ఉత్తర్వు కూడా వచ్చేసింది. లీగ్‌లో ఉన్న ఆటగాళ్ళందరి సగటూ ఒక్కటే చేసేశారు.

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. హైదరాబాదులో ఒక పెద్ద బ్యాంకు జట్టుకి మృణాళిని అనే ఆవిడ సెలెక్టరు. ఒకప్పుడు దేశం తరఫున ఆడిన మనిషి. పోతురాజుని చూడమని ఏసుపాదం ఆవిడకి అంతకు ముందే చెప్పించాడు. ఆవిడ లీగ్ ఆఫీసునుంచి ఆటగాళ్ళ వివరాలు తెప్పించుకుని, చూసుకుని, ఆయనకి ఫోన్ చేసింది.

"మాస్టారూ, మీ లీగ్‌లో అందరూ ఒక్కలాగే ఆడతారని పంపించారు. ఒకబ్బాయి సీజనంతా కాలికి పిండికట్టుతో బెంచీ మీదే ఉన్నాడని మీరే చెప్పారు. అతని సగటూ అంతే ఉంది. నేను మీవాణ్ణి ఎలా తీసుకోను? మా వాళ్ళకేమని చెప్పను?"

ఏసుపాదం బతిమాలుకున్నాడు. ఈ కాగితాలు పక్కన పెట్టి ఒక్కసారి వచ్చి కళ్ళతో చూడమన్నాడు. ఆవిడ ఫైనల్ రోజున వస్తాననీ, సాయంత్రం రైలుకి తిరిగి వెళ్ళిపోతాననీ చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఏసుపాదం ప్రాణం కుదుటపడింది. ఫైనలంటే రెండు జట్లుంటాయి, నిజమైన ఆట ఆడక తప్పదు, వాడు తప్పకుండా కనిపిస్తాడు.

ఆ ముచ్చట పది రోజులు కూడా నిలవలేదు. ఫైనల్ గురించి కోచ్‌లనీ యజమానులనీ కమిషనర్ గారు సమావేశానికి పిలిచారు. ఆరు జట్లకీ సమానంగా విజయాలున్నాయి కాబట్టి ఆరూ సెమీఫైనల్‌కి చేరుకున్నాయని మొదట ప్రకటించారు. చప్పట్లు కొట్టారు. సెమీఫైనల్లో ఎవరూ వెనకబడే అవకాశం లేదు కాబట్టి, కాలయాపన లేకుండా ఆరు జట్లూ ఫైనల్‌కి చేరుకున్నట్టే భావించవలసిందిగా కోరారు. మళ్ళీ చప్పట్లు కొట్టారు. పాలకొల్లు పాంథర్స్ యజమాని వెంకటరత్నం గారు రైసుమిల్లు నడుపుతారు. ఆయన చెయ్యెత్తి, మరి ఆరు జట్లూ ఒకేసారి కోర్టులోకి దిగితే చోటు చాలుతుందా అని అడిగారు. చోటు అనేది మనసుకి సంబంధించిన విషయమని కమిషనర్ గారు సెలవిచ్చారు.

ఏసుపాదం లేచి నిలబడ్డాడు. అంతమంది పెద్దల ముందు లేవడం ఆయనకి అలవాటు లేదు.

"అయ్యా, ఆటన్నాక ఎవరో ఒకరు ఓడాలి కదండి" అన్నాడు.

అందరూ ఆ మాట విని చాలా నెలలయింది. సత్యప్రసాద్ గారు చెవులు మూసుకున్నంత పని చేశారు.

లక్ష్మీపతిరావు గారు కోప్పడలేదు. దయగా చూశారు. "మాస్టారూ, మీది పాతకాలపు దృక్పథం. దాన్ని మేము ఖండించము, సానుభూతితో పరిశీలిస్తాము. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఓటమిని సమూలముగా నిర్మూలించే దశలో ఉన్నాం మనం. ఈ దశలో మీబోటి పెద్దలే దాన్ని నోటితో ఉచ్చరిస్తే, రేపు అది మళ్ళీ ప్రబలదా?"

ఏసుపాదం కూర్చున్నాడు. పక్కన పాలకొల్లు కోచ్ సూర్యచంద్రం బల్లకింద నుంచి ఆయన మోకాలు తట్టాడు. ఎందుకు తట్టాడో ఏసుపాదానికి అప్పుడు అర్థం కాలేదు.

ఫైనల్ పాలకొల్లులో జరిగింది. మైదానానికి ఒక చివర పెళ్ళి మంటపమంత వేదిక కట్టారు, కుర్చీలన్నీ కోర్టుకి వీపు పెట్టి వేదిక వైపుకే వేశారు. ఊళ్ళో ఆట కాబట్టి, చివరి రోజు కాబట్టి, జనం కూడా బాగానే వచ్చారు. మృణాళిని గారు చిన్న సంచీ భుజాన వేసుకుని వచ్చి, మూల కుర్చీలో కూర్చుంది. ఏసుపాదం దూరం నుంచే నమస్కారం పెట్టాడు గానీ ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.

ఆరు జట్లూ దిగాయి. కోర్టులో ముప్పైమంది. ఒక్క బంతే ఉంటే అది ఒకరి చేతిలో ఉన్నప్పుడు మిగతా ఇరవై తొమ్మిదిమందికీ లోటుగా ఉంటుందని జట్టుకొకటి చొప్పున ఆరు బంతులు ఇచ్చారు. రింగులు మాత్రం రెండే. రిఫరీ విజిల్ వేశాడు. ఆ తర్వాత అక్కడ జరిగినదాన్ని ఏమనాలో ఎవరికీ తెలియలేదు. ఏ రింగు ఎవరిదో తెలియక కొందరు రెండింటిలోనూ వేశారు. రెండు బంతులు గాల్లో గుద్దుకుని చెరోవైపు పడ్డాయి. అమలాపురం కుర్రాడొకడు పొరపాటున సొంత జట్టువాణ్ణే ఆపి, క్షమించమని దణ్ణం పెట్టాడు. పోతురాజు రెండుసార్లు గెంతి, గెంతిన చోట దిగడానికి నేల కనపడక ఎవరి భుజాల మీదో దిగాడు. ఆ తర్వాత బంతి చంకలో పెట్టుకుని గీత పక్కన నిలబడిపోయాడు. స్కోరుబోర్డు మీద మొదట్నుంచీ ఆరు జట్లకీ ఒకే అంకె వెలుగుతోంది. ఆట మొదలుకాక ముందే వెలిగించారు దాన్ని.

విజిల్ వేసి ఆపగానే బాణాసంచా కాల్చారు. ఆరు కప్పులు ఒకే పరిమాణంలో చేయించారు. ఒకరి తర్వాత ఒకరికిస్తే ముందు వెనకలొస్తాయని, ఆరుగురు ముఖ్య అతిథులు మైకులో లెక్కపెట్టగానే ఒకేసారి ఆరుగురు యజమానుల చేతుల్లో పెట్టారు. ఇక సన్మానాలు మొదలయ్యాయి. ఆటగాళ్ళని ఎవరూ పైకి పిలవలేదు.

మృణాళిని గారు లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. ఆవిడ గేటు వైపు నడుస్తుంటే ఏసుపాదం చూశాడు. పన్నెండేళ్ళ తిట్లన్నీ అలా నడిచి వెళ్ళిపోతున్నట్టనిపించింది ఆయనకి. సంతకం పెట్టింది తనే. పేరేదైతేనేం అనుకున్నదీ తనే. గబగబా సూర్యచంద్రం దగ్గరికి వెళ్ళాడు.

"మనం ఒక ఆట ఆడదామా?"

"నిజంగానా?"

"నిజంగానే."

సూర్యచంద్రం ఇంకేం అడగలేదు. ఆరోజు బల్లకింద మోకాలు ఎందుకు తట్టాడో ఏసుపాదానికి అప్పుడర్థమయింది. సూర్యచంద్రం వెనక్కి తిరిగి ఈల వేశాడు. పాలకొల్లు కుర్రాళ్ళు అయిదుగురూ లేచారు. వాళ్ళలో గణేశ్వరరావు అనేవాడు అందరికన్నా పొట్టి, బంతితో పాకినట్టు పరిగెత్తుతాడు. ఏసుపాదం గేటు దగ్గరికి పరిగెత్తి, అమ్మా, రైలుకింకా టైముంది, ఒక్క పది నిమిషాలు అని చేతులు జోడించాడు. ఎవరూ పిలవకుండానే రిఫరీ విజిల్ తీసుకుని మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. ఎంతసేపు ఆడాలన్న ప్రశ్న వచ్చింది. గడియారం సమతుల్యాధికారి దగ్గరుంది, ఆయన వేదిక మీద శాలువా కోసం నిలబడి ఉన్నాడు. సరే, కమిషనర్ గారి ఉపన్యాసం అయ్యేదాకా అనుకున్నారు.

మొదటి నిమిషంలోనే గణేశ్వరరావు పోతురాజు చేతిలోంచి బంతి లాక్కెళ్ళి వేసేశాడు. పోతురాజు వెనక్కి తిరిగి చూశాడు. వాడి మొహం ఎర్రబడింది. ఏసుపాదం గీత దగ్గర నిలబడి, "కళ్ళెక్కడ పెట్టుకున్నావురా దరిద్రుడా" అని అరిచాడు. ఎన్నో నెలల తర్వాత గొంతు విప్పి అరిచిన అరుపు అది.

బంతి నేలకి తగిలే చప్పుడు విని వెనక వరసలో ఒకాయన తల తిప్పాడు. చూసి, కుర్చీ తిప్పుకున్నాడు. పక్కాయన కూడా తిప్పుకున్నాడు. ప్లాస్టిక్ కుర్చీలు నేలమీద రాసుకుంటూ వరసలు వరసలుగా ఇటు తిరిగాయి. వేదిక మీద లక్ష్మీపతిరావు గారు సమానత్వం గురించి చెబుతున్నారు. ఆయనకి కనిపించేవి వీపులే. అయినా ఉపన్యాసంలో ఉన్న మనిషి కాబట్టి ఆపలేదు. బజ్జీల బండివాడు పొయ్యి వదిలేసి వచ్చి స్కోరు గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. వాడు ఎవరికీ కోయలేదు, ఎవరికీ కలపలేదు.

తన జట్టే అన్నిటికన్నా మెరుగైనదని సీజనంతా ఏసుపాదం అనుకుంటూ వచ్చాడు. అది ఎంతవరకు నిజమో తేల్చే ఆట తణుకు మ్యాచ్ తర్వాత ఒక్కటీ జరగలేదు కాబట్టి అలా అనుకోవడానికి అడ్డేమీ లేకపోయింది. ఇప్పుడు చూస్తుంటే పాలకొల్లు కుర్రాళ్ళు నిలిచి ఆడుతున్నారు. వాళ్ళు ప్రాక్టీసు మానలేదని తెలిసిపోతోంది. పోతురాజు తన ఎత్తుతో రింగు దగ్గర గోడలా నిలబడ్డాడు, ఇద్దరిని దాటి వేశాడు, ముగ్గుర్ని ఆపాడు. అయినా నరసాపురం ఒక్క పాయింటు వెనకబడి ఉంది.

"చివరగా ఒక్క మాట" అన్నారు కమిషనర్ గారు మైకులో. నరసాపురం కుర్రాళ్ళు బంతి కోసం పరుగు పెంచారు. ఆయన ఉపన్యాసం ఇంకా సాగాలని మనస్ఫూర్తిగా కోరుకున్నవాళ్ళు ఆయన జీవితంలో ఈ అయిదుగురే అయివుంటారు. ఆయన నిరాశపరచలేదు. ఇంకో రెండుసార్లు చివరగా ఒక్క మాట చెప్పారు. మూడోసారి చెబుతుండగా బంతి పోతురాజు చేతికొచ్చింది. గణేశ్వరరావు కుడివైపు అడ్డం వచ్చాడు. పోతురాజు ఎడమవైపుకి మళ్ళి, గాల్లోకి లేచి, ఎడమచేత్తో వేశాడు. జైహింద్ అన్నారు కమిషనర్ గారు. బంతి రింగు అంచున ఒక చుట్టు తిరిగింది, ఇంకో సగం తిరిగింది, బయటికి పడిపోయింది.

పాలకొల్లు జనం లేచిన తీరుకి వేదిక కొయ్యలు ఊగాయి. వెంకటరత్నం గారు చేతిలో కప్పుని పక్కనున్నాయన మీదికి తోసేసి, శాలువాతోనే మెట్లు దిగకుండా కిందికి దూకి, గణేశ్వరరావుని ఎత్తుకున్నారు. "గెలిచాం రా, గెలిచాం రా" అంటూ ఏడుస్తున్నారు. సీజనంతా ఆయన చాలాసార్లు గెలిచారు గానీ ఎప్పుడూ ఏడవలేదు. రామభద్రరాజు గారు వేదిక అంచున నిలబడి చూస్తున్నారు. ఆయన మొహం లీగ్ ఉత్తర్వులు నిషేధించిన రకంగా ఉంది.

పోతురాజు కోర్టు మధ్యలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఏసుపాదం వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"ఓడిపోయాం కదా మాస్టారూ" అన్నాడు వాడు, తల ఎత్తకుండా.

"ఓడిపోయాం" అన్నాడు ఏసుపాదం.

మృణాళిని గారు వచ్చింది. ముందు గణేశ్వరరావు పేరు రాసుకుంది, తర్వాత పోతురాజు పేరు. వచ్చే నెల సెలెక్షన్లకి ఇద్దరూ హైదరాబాదు రావాలనీ, అక్కడ ఇంతకన్నా గట్టివాళ్ళుంటారనీ, ఇప్పట్నుంచే భయపడమనీ చెప్పి, రైలుకి పరిగెత్తింది.

లీగ్ ఊరుకోలేదు. ఫైనల్ జరిగిన వారంలో ఏసుపాదానికి తాఖీదు వచ్చింది. లీగ్ చరిత్రలో మొట్టమొదటిసారిగా, ముందస్తు అనుమతి లేకుండా, బహిరంగ ప్రదేశంలో, ప్రజల సమక్షంలో ఓడిపోయినందుకు సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. గెలిచినందుకు వెంకటరత్నం గారికి కూడా ఒకటి వెళ్ళింది. ఆయన దాన్ని పటం కట్టించి మిల్లులో గోడకి తగిలించారట.

విచారణ రోజున కమిషనర్ గారి గదిలో ఒకవైపు సత్యప్రసాద్ గారు, ఇంకోవైపు రామభద్రరాజు గారు కూర్చున్నారు. ఏసుపాదాన్ని కూర్చోమన్నారు గానీ ఆయన నిలబడే ఉన్నాడు. లక్ష్మీపతిరావు గారు ఎప్పటిలాగే సౌమ్యంగా మాట్లాడారు. ఇదంతా సర్దుబాటు చేయవచ్చని చెప్పారు. కేంద్ర పాయింట్ల నిధిలో నిల్వ పుష్కలంగా ఉంది. అందులోంచి నరసాపురానికి ఒక్కటంటే ఒక్క సహాయ పాయింటు వెనకటి తేదీతో మంజూరు చేస్తారు. దాంతో ఆరోజు ఆట సమానమైపోతుంది, సమానమైపోతే ఓటమి జరగనట్టే, ఓటమి జరగకపోతే నేరమూ లేనట్టే. వచ్చే సీజన్‌కి ఆయనే కోచ్. చేయవలసిందల్లా ఒక్క అర్జీ మీద సంతకం.

రాజు గారు ముందుకి వంగి, "పెట్టేయండి మాస్టారూ, ఒక్క పాయింటే కదా" అన్నారు.

అర్జీ బల్ల మీద సిద్ధంగా ఉంది. పెన్ను మూత కూడా తీసి పెట్టారు. ఏసుపాదం దాని మూత మళ్ళీ పెట్టేశాడు.

"అయ్యా, మేం ఓడిపోయామండి. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. వాళ్ళు మాకన్నా బాగా ఆడారు. సీజనంతా మా కుర్రాళ్ళకి మీరిచ్చినవన్నీ మీరే ఉంచేసుకోండి. ఇదొక్కటీ మాకు వదిలేయండి."

లక్ష్మీపతిరావు గారికి నిజంగానే అర్థం కాలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో సహాయం మంజూరు చేస్తామంటే వద్దన్నవాణ్ణి ఆయన చూసి ఉండరు. సత్యప్రసాద్ గారి వైపు చూశారు, ఆయన రాజు గారి వైపు చూశారు, రాజు గారు కిటికీలోంచి బయటికి చూశారు. చివరికి, ఓటమిని ప్రోత్సహించిన నేరానికి ఏసుపాదాన్ని లీగ్‌నుంచి శాశ్వతంగా బహిష్కరించడమైనదని చెప్పి, అది బాధతో తీసుకున్న నిర్ణయమని కూడా రాయించారు.

ఏసుపాదం మెట్లు దిగి వచ్చేసరికి పోతురాజు వీధిలో మోటారు సైకిలు మీద కూర్చుని ఉన్నాడు. పైన ఏమైందని అడిగాడు. ఏసుపాదం ఆ సంగతి వదిలేసి, సూర్యచంద్రం ఫోన్ చేశాడనీ, ఆదివారం వాళ్ళ కుర్రాళ్ళని తీసుకుని నరసాపురం హైస్కూలు గ్రౌండుకి వస్తున్నాడనీ చెప్పాడు. వెనక సీటు ఎక్కి కూర్చున్నాడు. బండి కదిలి సందు మలుపు తిరిగాక, వాడి వీపు మీద ఒక్కటి చరిచాడు.

"కుడివైపు వాడున్నాడని ఎడమచేత్తో వేస్తావా? వాడు నీ నడుము దాకా లేడు. మీదనుంచి వేస్తే ఏం పోయేదిరా? రేప్పొద్దున్న రా, చెబుతా."

"వస్తానండి" అన్నాడు పోతురాజు.